మూతపడిన ఫ్యాక్టరీ స్థలంలో కొత్త ప్లాంటు: కొనే ముందు నుంచి ఉత్పత్తి మొదలయ్యేదాకా

"జీడిమెట్లలో మూతపడిన యూనిట్ బ్యాంకు వేలానికి వచ్చింది, తీసుకోవచ్చా?" "పటాన్‌చెరులో పాత బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ చవగ్గా ఇస్తున్నారు, మా సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషీన్లు పెట్టుకోవచ్చా?" ఇలాంటి ప్రశ్నలు ఆగకుండా వస్తున్నాయి. తీసుకోవచ్చు, పెట్టుకోవచ్చు. వరుస తప్పితే మాత్రం చవగ్గా వచ్చిన స్థలమే అన్నిటికన్నా ఖరీదైనది అవుతుంది.

చాలామంది ముందు ఆర్కిటెక్ట్ దగ్గరికి వెళ్లి లేఅవుట్ గీయిస్తారు. ఆ తర్వాత అడ్వాన్స్ ఇస్తారు. మట్టి సంగతి పునాది తవ్వేటప్పుడు, జేసీబీ బకెట్‌లో నల్లటి బురద పైకొచ్చినప్పుడు తెలుస్తుంది. సరైన వరుస దీనికి పూర్తిగా తలకిందులు: కాగితాలు, మట్టి, బేరం, అనుమతులు, ఖాళీ చేయడం, కూల్చడం, శుద్ధి, ఆఖరున లేఅవుట్. ఎక్కడ ఏం కట్టాలో చెప్పేది మట్టి రిపోర్టే.

చెప్పడానికి వీలుగా ఒక ఉదాహరణ అనుకుందాం. సంగారెడ్డి జిల్లా వైపు రెండెకరాల స్థలం. కొన్నేళ్లు బల్క్ డ్రగ్స్ (మందుల తయారీకి వాడే ముడి రసాయనాలు) చేసి మూతపడిన యూనిట్. అక్కడ లోహపు విడిభాగాలు తయారుచేసే మెషినింగ్ ప్లాంటు పెట్టాలి. ఆంధ్రప్రదేశ్ పాఠకులు టీజీఐఐసీ (పారిశ్రామిక స్థలాలు కేటాయించే ప్రభుత్వ సంస్థ) అన్నచోట ఏపీఐఐసీ అనీ, దుండిగల్ (ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఉన్న చోటు) అన్నచోట విశాఖ పక్కనున్న పరవాడ అనీ చదువుకోండి. పని వరుస రెండుచోట్లా ఒకటే.

## 1. ముందు తేల్చుకోవాల్సింది: ఈ స్థలం మీ పనికి సరిపోతుందా?

దీనికి పైసా ఖర్చు లేదు. ఒక రోజు తిరిగితే తేలిపోతుంది.

కాలుష్య వర్గం. కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) పరిశ్రమలను రెడ్, ఆరెంజ్, గ్రీన్, వైట్ వర్గాలుగా చూస్తుంది. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు లోపలున్న కాలుష్య పరిశ్రమలను బయటికి తరలించాలన్నది ప్రభుత్వ విధానం. కాబట్టి పాత యూనిట్ రెడ్ వర్గంలో నడిచింది కదా, మనకూ ఇస్తారులే అనుకోవద్దు. పాత అనుమతి పాత యజమానికీ, పాత ఉత్పత్తికీ ఇచ్చింది.

ఉత్పత్తి. పాత రసాయన స్థలంలో ఆహార పదార్థాలు, తాగునీరు, మందుల ఫార్ములేషన్ యూనిట్లు పెట్టొద్దనే నేను చెబుతాను. శుద్ధి ఎంత బాగా చేసినా కొనే కంపెనీల ఆడిటర్లు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవడంతోనే సరిపోతుంది. మెషినింగ్, ఫ్యాబ్రికేషన్, ఎలక్ట్రికల్ ప్యానెళ్లు, ప్యాకేజింగ్ లాంటివి బాగా నప్పుతాయి.

చెరువు, నాలా. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులో ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) ఎక్కడుందో చూడండి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ వదలాలి. పాత షెడ్డు ఆ గీత లోపల ఉన్నా, కూల్చాక అక్కడ మళ్లీ కట్టనివ్వరు.

కరెంటు. సాధారణంగా 1,500 కేవీఏ వరకు 11 కేవీ లైను సరిపోతుంది. అది దాటితే 33 కేవీ, 5,000 కేవీఏ దాటితే 132 కేవీ అడుగుతారు. సబ్‌స్టేషన్ ఎంత దూరమో, దారిలో ఎవరి స్థలం అడ్డొస్తుందో సెక్షన్ ఆఫీసులో ముందే కనుక్కోండి.

దారి. 40 అడుగుల కంటైనర్ గేటులో తిరగగలదా? పాత ఎస్టేట్లలో చాలా ప్లాట్లు ఇక్కడే ఫెయిలవుతాయి.

## 2. కాగితాలు: బకాయిలు కూడా మీతోపాటే వస్తాయి

బ్యాంకు వేలమైనా, లిక్విడేటర్ అమ్మకమైనా "ఉన్నచోట, ఉన్నది ఉన్నట్టుగా" అనే షరతు ఉంటుంది. అంటే తర్వాత ఏది బయటపడినా అడగడానికి ఉండదు.

కరెంటు బకాయి గురించి చాలామందికి అపోహ ఉంది. 2023 మే 19న కె.సి.నైనన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: నిబంధనల్లో ఉంటే, పాత యజమాని బాకీ కట్టాకే కొత్త కనెక్షన్ ఇస్తామని డిస్కం షరతు పెట్టవచ్చు. కాబట్టి డిస్కం నుంచి నో డ్యూస్ తీసుకోండి. బాకీ ఉంటే ఆ మొత్తం వేలం ధరలో లెక్కేసుకోండి.

చూడాల్సినవి:

- లింక్ డాక్యుమెంట్లన్నీ, 30 ఏళ్ల ఈసీ
- స్థలం పూర్తి హక్కుదా, లీజుదా. ఆజామాబాద్ లాంటి పాత ఎస్టేట్లలో లీజు లెక్కలు వేరు, 1992లో దానికోసం ప్రత్యేక చట్టమే వచ్చింది
- టీజీఐఐసీ కేటాయింపు పత్రం, అందులోని షరతులు. పేరు మార్పుకూ, ఉత్పత్తి మార్పుకూ వాళ్ల అనుమతి కావాలేమో
- కంపెనీ పేరున రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్‌లో నమోదైన తాకట్లు, సెర్సాయ్‌లో (ఆస్తి తాకట్లు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ) సోదా
- పీఎఫ్, ఈఎస్ఐ, జీఎస్టీ బకాయిలు, కార్మికుల కేసులు
- ఐలాకు (పారిశ్రామికవాడ స్థానిక సంస్థ) కట్టాల్సిన ఆస్తి పన్ను, నీటి బిల్లులు
- ఉమ్మడి శుద్ధి ప్లాంటుకు బాకీ
- పీసీబీ మూసివేత ఉత్తర్వు ఏదైనా ఉందా, హరిత ట్రిబ్యునల్‌లో కేసు నడుస్తోందా

ఆఖరిది చాలామంది చూడరు. మూసివేత ఉత్తర్వు ఉంటే అది ఎత్తేసేదాకా కరెంటు కూడా రాదు.

## 3. ఆ నేలమీద ఏం జరిగిందో కూపీ లాగండి

ల్యాబ్‌కి మట్టి పంపే ముందు ఏ రసాయనం కోసం వెతకాలో తెలియాలి. తెలియకుండా "అన్నీ టెస్ట్ చేయండి" అంటే బిల్లు పెరుగుతుంది, అసలుది దొరకదు.

మొదట పాత యూనిట్ సీఎఫ్‌ఓ (యూనిట్ నడపడానికి పీసీబీ ఇచ్చే అనుమతి) కాపీ సంపాదించండి. అందులో ఏ ఉత్పత్తి, నెలకెంత, ఏ ముడిసరుకు అనేవి ఉంటాయి. తర్వాత ప్రమాదకర వ్యర్థాలపై ఏటా పీసీబీకి ఇచ్చే ఫారం 4 రిటర్నులు, దుండిగల్‌కు పంపిన లోడ్ల ఫారం 10 మానిఫెస్టులు (లారీ వెంట వెళ్లే రవాణా పత్రాలు) అడగండి. ఎంత స్లడ్జ్ (వ్యర్థపు బురద) రావాలి, ఎంత పంపారు అని పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఆ తేడా ఎక్కడికీ పోలేదు, మీరు కొనబోయే కాంపౌండ్‌లోనే ఎక్కడో ఉండే అవకాశం ఎక్కువ.

రెండోది గూగుల్ ఎర్త్. అందులో పాత ఏళ్ల చిత్రాలు వెనక్కి జరిపి చూడవచ్చు. ఒకప్పుడు నీలంగానో, నల్లగానో చదరంగా కనిపించిన సోలార్ పాండ్ (వ్యర్థజలాలను ఎండకు ఆవిరి చేసే గుంట) ఇప్పుడు మట్టి కప్పిన ఖాళీ జాగా అయ్యుంటుంది. గుర్తు పెట్టుకోండి.

మూడోది మనుషులు. పాత వాచ్‌మన్, ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు) ఆపరేటర్, ఎదురుగా టీ కొట్టు నడిపే ఆయన. "రాత్రిళ్లు ట్యాంకర్ ఎక్కడ ఖాళీ చేసేవాళ్లు?" అని అడిగి చూడండి. ఏ సర్వే రిపోర్టులోనూ రాని సంగతులు వీళ్ల నోట వస్తాయి. ముఖ్యంగా ఎండిపోయిన బోర్ల గురించి అడగండి. వాడుకలో లేని బోరులోకి వ్యర్థజలాలు వదలడం మన పారిశ్రామికవాడల్లో కొత్త కాదు.

ఇదంతా ఒక సైట్ మ్యాపు మీద ఎర్రపెన్నుతో గుర్తించండి: పాత ఈటీపీ, పాండ్లు, సాల్వెంట్ (ద్రావకం) ట్యాంక్ ఫామ్, డ్రమ్ములు పెట్టిన చోటు, బాయిలర్ బూడిద కుప్ప, ట్రాన్స్‌ఫార్మర్ యార్డు, వాననీటి కాలువ బయటికి వెళ్లే మూల.

## 4. మట్టి, నీటి పరీక్షలు

ఇక్కడ పిసినారితనం వద్దు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి) గుర్తింపు ఉన్న ల్యాబ్‌తో, కలుషిత స్థలాల మీద పనిచేసిన కన్సల్టెంట్‌తో చేయించండి. పునాది కోసం సాయిల్ టెస్ట్ చేసేవాళ్లు వేరు, వీళ్లు వేరు. వాళ్లు మట్టి ఎంత బరువు మోస్తుందో చెబుతారు, అందులో ఏముందో చెప్పరు.

ఎక్కడ తీయాలి. ఎర్రపెన్ను గుర్తు ఉన్న ప్రతిచోటా కనీసం రెండు గుంతలు. మిగతా స్థలమంతా 20–25 మీటర్ల గడులుగా గీసి గడికొకటి. స్థలం బయట, శుభ్రమైన చోట ఒకటి. పోల్చి చూడటానికి అది కావాలి.

ఎంత లోతు. పైన అరమీటరు ఒక నమూనా, ఒకటిన్నర మీటర్ల దగ్గర ఇంకోటి, ఆ కింద మెత్తటి రాయి తగిలేదాకా. పటాన్‌చెరు ప్రాంతమంతా కింద గ్రానైటే. పైనున్న పొడిరాయి పొరలో ఇంకిన రసాయనం ఆ కింద రాతి పగుళ్లలోకి దిగితే ఎటు పోతుందో చెప్పడం కష్టం. అందుకే నీటి నమూనా తప్పనిసరి.

నీళ్లు. స్థలంలో పల్లం వైపు రెండు, మిట్ట వైపు ఒకటి, మొత్తం మూడు మానిటరింగ్ బోర్లు. టోలిన్ లాంటివి నీటి మీద తేలతాయి. డైక్లోరోమీథేన్, క్లోరోఫామ్ నీటికన్నా బరువు, అడుగుకు దిగుతాయి. పైనుంచి ఒక్క బాటిల్ ముంచి తీసి "నీళ్లు బాగానే ఉన్నాయి" అంటే నమ్మొద్దు.

ఏం వెతకాలి. మన ఉదాహరణకు: సాల్వెంట్లు, భార లోహాలు, సల్ఫేట్, క్లోరైడ్, పీహెచ్, పెట్రోలియం నూనెలు. పాత ప్లేటింగ్ యూనిట్ అయితే ఆరో దశ (హెక్సావాలెంట్) క్రోమియం, నికెల్, సయనైడ్. బ్యాటరీ యూనిట్ అయితే సీసం.

నమూనాల విషయంలో తరచూ జరిగే తప్పు ఒకటుంది. ఐదు గుంతల మట్టి ఒక బకెట్‌లో కలిపి ఒక్క టెస్ట్ చేయిస్తారు. సాల్వెంట్ ఆ కలపడంలోనే ఆవిరైపోతుంది. రిపోర్టు శుభ్రంగా వస్తుంది, నేల మాత్రం అలాగే ఉంటుంది. సాల్వెంట్ నమూనాను తీసిన వెంటనే గాజు సీసాలో బిగించి, ఐస్ బాక్సులో పెట్టి, ఎవరు ఎప్పుడు తీశారు, ఎవరికిచ్చారు అన్న చీటీతో ల్యాబ్‌కి పంపాలి.

గుంతలు తవ్వడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే? నా సలహా, వదిలేయండి. వేలంలో తవ్వనివ్వడం కుదరదంటే, కనీసం రోడ్డు పక్కనుంచి, పక్క ప్లాట్ల బోర్ల నుంచి నీళ్లు పరీక్ష చేయించి, శుద్ధికి గట్టి మొత్తం పక్కన పెట్టుకున్నాకే పాడండి.

## 5. బేరం, ఒప్పందం

రిపోర్టు చేతికి వచ్చాక మూడు మొత్తాలు రాసుకోండి: ఖాళీ చేయించే ఖర్చు, మట్టి శుద్ధి ఖర్చు, ఈ పనులు నడిచినన్ని నెలల వడ్డీ. మూడూ ధరలోంచి తీసేయండి. శుద్ధి ఖర్చు మీద అదనంగా మూడో వంతు కలపండి. నేల కింది పని అంచనాలోపు పూర్తవడం అరుదు.

ఒప్పందంలో రాయించాల్సినవి: మీరు చేయించిన పరీక్షల రిపోర్టు కొనేనాటి స్థితిగా అనుబంధంలో చేర్చడం, అంతకుముందు కాలుష్యానికి బాధ్యత అమ్మినవారిదేనని స్పష్టమైన మాట, ధరలో కొంత భాగం శుద్ధి పూర్తయ్యేదాకా ఎస్క్రోలో (మూడో పక్షం చేతిలోని ఖాతాలో) ఉంచడం.

కలుషిత ప్రదేశాల నిర్వహణపై కేంద్రం 2025 జులైలో నిబంధనలు తెచ్చింది. కాలుష్యానికి కారకులే ఖర్చు భరించాలన్నది వాటి మూలసూత్రం. వినడానికి బాగుంటుంది. కారకులెవరో తేలేలోపు ఆగిపోయేది మీ పని, కట్టేది మీ ఈఎంఐ. కొనేనాటి రిపోర్టు మీ దగ్గరుండటం ఇందుకే అవసరం.

## 6. అనుమతుల వరుస

దరఖాస్తులు చాలావరకు టీజీ ఐపాస్ పోర్టల్‌లో ఒకేచోట పెట్టవచ్చు. పెట్టే వరుస మాత్రం మీరే చూసుకోవాలి.

1. టీజీఐఐసీ నుంచి పేరు మార్పు, ఉత్పత్తి మార్పు
2. పాత వ్యర్థాలు తరలించడానికి పీసీబీకి ప్రణాళిక, ప్రమాదకర వ్యర్థాల ఆథరైజేషన్
3. కూల్చివేత అనుమతి
4. కొత్త యూనిట్‌కు సీఎఫ్‌ఈ (యూనిట్ నెలకొల్పడానికి పీసీబీ అనుమతి)
5. ఐలా నుంచి బిల్డింగ్ ప్లాన్, ఫైర్ విభాగం ఎన్‌ఓసీ, ఫ్యాక్టరీల విభాగం ప్లాన్ ఆమోదం
6. డిస్కంలో హెచ్‌టీ (హై టెన్షన్ కనెక్షన్) దరఖాస్తు
7. కట్టాక సీఎఫ్‌ఓ, ఫ్యాక్టరీ రిజిస్ట్రేషన్

2025 నవంబరు 21 నుంచి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం కరెంటు వాడే యూనిట్‌లో 20 మంది, వాడనిచోట 40 మంది ఉంటే ఫ్యాక్టరీ కిందికి వస్తారు. పాత ఫారాలు పట్టుకుని తిరిగే ఏజెంటుకు ఈ సంగతి తెలుసో లేదో అడిగి చూడండి.

రాయితీల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. పాత షెడ్డు, సెకండ్ హ్యాండ్ మెషీన్లు పెట్టుబడి లెక్కలోకి వస్తాయా అని జిల్లా పరిశ్రమల కేంద్రంలో రాతపూర్వకంగా అడగాలి. నోటిమాట పనికిరాదు.

## 7. మిగిలిపోయిన రసాయనాలు, మెషీన్లు ఖాళీ చేయడం

ప్రాణాలు పోయేది ఈ దశలోనే. స్క్రాప్ వ్యాపారికి గుండుగుత్తగా అమ్మేసి తాళాలు ఇచ్చేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. అతను రాగి, స్టెయిన్‌లెస్ స్టీలు ముందు పట్టుకుపోతాడు. స్లడ్జ్, రేకులు, డ్రమ్ములు మీకు వదిలేస్తాడు. మధ్యలో గ్యాస్ కట్టర్‌తో సాల్వెంట్ ట్యాంకు కోస్తాడు.

ముందు కెమిస్ట్‌తో గది గదికీ తిరిగి జాబితా రాయించండి. లేబుల్ లేని డ్రమ్మును ప్రమాదకరమైనదిగానే లెక్కపెట్టండి. కొన్నిటిని అసలు ముట్టుకోవద్దు:

- ఏళ్లుగా పడివున్న టీహెచ్‌ఎఫ్, ఈథర్ లాంటి సాల్వెంట్ డ్రమ్ములు. మూత చుట్టూ తెల్లటి పలుకులు కనిపిస్తే అది పెరాక్సైడ్, మూత తిప్పినా పేలవచ్చు
- రానీ నికెల్, పల్లాడియం కార్బన్ లాంటి క్యాటలిస్టులు. తడి ఆరితే గాలికే అంటుకుంటాయి
- సోడియం అజైడ్. యాసిడ్ తగిలితే ప్రాణం తీసే వాయువు వస్తుంది, రాగి, సీసం పైపుల్లో నిలిచిపోతే పేలుడు పదార్థంగా మారుతుంది

వీటికి స్పెషలిస్టు బృందమే కావాలి. ఖర్చని వెనకాడొద్దు.

రియాక్టర్లు, ట్యాంకుల పని వరుస: కరెంటు తీసి ప్యానెల్‌కు తాళం, లోపలిది దింపడం, కడగడం, నైట్రోజన్ పట్టడం, బయటి గాలి పంపడం, గ్యాస్ మీటర్‌తో పరీక్ష. లోపల ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉండాలి, మండే వాయువు పేలుడు కనిష్ఠ హద్దులో 10 శాతం లోపు ఉండాలి. ఆ తర్వాతే మనిషి లోపలికి, అదీ బయట ఇంకో మనిషి కాపలా ఉంటేనే. కోత పనికి ప్రతిరోజూ కొత్త పర్మిట్ రాయాలి. నిన్నటి గ్యాస్ రీడింగ్ ఈరోజుకి చెల్లదు.

కడిగిన నీళ్లు కాలువలోకి వదలొద్దు. వాటినీ డబ్బాల్లో పట్టి వ్యర్థంగానే పంపాలి.

పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెను విడిగా పరీక్షించండి. అందులో పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్ కిలోకు 50 మిల్లీగ్రాములు దాటితే మామూలు పాత నూనె కాదు. వీటి వాడకానికి దేశంలో గడువు 2025 డిసెంబరు 31తో ముగిసింది. నూనె తీసుకెళ్లే వ్యాపారికి అలా ఇచ్చేస్తే నేరం మీది.

భూమిలో పాతిన డీజిల్, సాల్వెంట్ ట్యాంకులుంటే, వాటి లైసెన్సు ఇచ్చిన పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) విభాగానికి తెలిపి, గ్యాస్ లేదన్న సర్టిఫికెట్‌తోనే తీయాలి.

ప్రమాదకర వ్యర్థాన్ని సైట్‌లో 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. కాబట్టి దుండిగల్ కేంద్రంతో ఒప్పందం, లారీల తేదీలు ఖాయమయ్యాకే ట్యాంకులు తెరవడం మొదలుపెట్టండి.

## 8. షెడ్డు ఉంచాలా, కూల్చాలా?

రూఫ్ ఎత్తు ముందు కొలవండి. పాత షెడ్లు సాధారణంగా ఐదారు మీటర్లే. మీకు క్రేన్, ర్యాకులు, డక్టింగ్ కావాలంటే ఎనిమిది, తొమ్మిది మీటర్లు అవసరం పడుతుంది. ఎత్తు చాలకపోతే మిగతా పరీక్షలకు డబ్బు పెట్టకండి, కూల్చేయండి.

ఎత్తు సరిపోతే స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో కాంక్రీట్ కోర్, రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు. కోర్ మీద ఫినాఫ్తలీన్ చల్లితే మంచి కాంక్రీట్ గులాబీ రంగుకు తిరుగుతుంది, చెడినది రంగు మారదు. ఆ రంగు లేని పొర లోపలి ఇనుపచువ్వ దాకా వచ్చిందంటే తుప్పు మొదలైనట్టే. బల్క్ డ్రగ్ షెడ్లలో స్తంభాల అడుగు భాగం, బేస్ ప్లేట్లు, బోల్టులను యాసిడ్ తినేసి ఉంటుంది. పైన రంగు చూసి మోసపోవద్దు, ప్లాస్టర్ కొట్టించి చూడండి.

పాత స్తంభాల మీద కొత్త క్రేన్ ఎక్కించాలన్న ఆలోచన వస్తే మానుకోండి. క్రేన్‌కు విడిగా స్తంభాలు వేయడమే మేలు.

## 9. రేకులు దించడం, కూల్చడం

పాత సిమెంట్ రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుందనే లెక్కపెట్టండి. సుత్తితో కొట్టి కింద పడేయడం మామూలుగా జరిగేదే, అది జరగనివ్వొద్దు.

- రేకును నీళ్లతో తడపండి, బోల్టు కోసి మొత్తంగా దించండి, విరగ్గొట్టొద్దు
- పనివాళ్లకు ఎఫ్‌ఎఫ్‌పీ3 మాస్కులు, వాడి పారేసే సూట్లు. గుడ్డ కట్టుకుంటే లాభం లేదు
- మందపాటి ప్లాస్టిక్ షీటులో చుట్టి, గుర్తు అంటించి, ప్రమాదకర వ్యర్థంగా పంపండి
- రేకుల మీద నడవొద్దు. పాత రేకు మనిషి బరువుకు విరుగుతుంది, కింద పడి చనిపోయేది ఎక్కువగా ఇలాగే

రేకులు పోయాకే కూల్చివేత. రసాయనం తాకిన ఫ్లోరు ముక్కలను మామూలు శిథిలాలతో కలపొద్దు. శుభ్రమైన గోడలు, స్లాబులు జీడిమెట్ల, ఫతుల్లాగూడ రీసైక్లింగ్ ప్లాంట్లకు పంపవచ్చు. మరకలున్న ఫ్లోరు విడిగా పరీక్షకు వెళ్లాలి. కూల్చిందంతా సైట్‌లోనే లెవెలింగ్‌కి వేసేద్దామనే మేస్త్రీ మాట వినొద్దు.

## 10. మట్టి శుద్ధి

అన్ని స్థలాలకూ ఒకే మందు లేదు. మన ఉదాహరణలో వాడదగ్గవి ఇవి:

తవ్వి పంపడం. కాలుష్యం తక్కువ జాగాలో, తక్కువ లోతులో ఉంటే ఇదే త్వరగా అవుతుంది. పాత పాండ్ అడుగు స్లడ్జ్‌కి ఇదే సరి. వానాకాలంలో మొదలుపెట్టొద్దు. గుంతలో నిలిచిన ప్రతి లీటరు నీరూ శుద్ధి చేయాల్సిన నీరవుతుంది.

ఆవిరి లాగడం. సాల్వెంట్ ఇంకిన నేలలో గొట్టాలు దింపి, గాలి లాగి, కార్బన్ ఫిల్టర్‌లోంచి వదలడం. నెలలు పడుతుంది, తవ్వకం తగ్గుతుంది. బంకమట్టిలో సరిగా పనిచేయదు.

కుప్ప పోసి సూక్ష్మజీవులతో. డీజిల్, నూనెలకు బాగుంటుంది. జాగా కావాలి, సమయం కావాలి.

బిగించడం, కప్పడం. లోహాలున్న మట్టికి సిమెంట్, సున్నం కలిపి గట్టిపరిచి, పైన 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు, దాని మీద కాంక్రీట్. ఆరో దశ క్రోమియం అయితే ముందు ఫెర్రస్ సల్ఫేట్‌తో మూడో దశకు మార్చాలి.

క్రోమియం విషయంలో అశ్రద్ధ ఎక్కడికి దారితీస్తుందో తమిళనాడులోని రాణిపేట చూస్తే తెలుస్తుంది. అక్కడి క్రోమేట్ ఫ్యాక్టరీ మూతపడి దశాబ్దాలైనా లక్ష టన్నులకు పైగా వ్యర్థం వదిలించుకోలేని సమస్యగా మిగిలింది. మన కాటేదాన్ పక్కన నూర్ మహమ్మద్ కుంట శుద్ధికి ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టే కావాల్సి వచ్చింది.

తవ్వకం ఎక్కడ ఆపాలి? మట్టి రంగు చూసి కాదు. గుంత అడుగునుంచీ నాలుగు పక్కలనుంచీ నమూనాలు తీసి, ల్యాబ్ ఫలితం పరిమితిలోపు వచ్చాకే కొత్త మట్టి నింపాలి. నింపడానికి తెచ్చే మొరం కూడా పరీక్షించండి. ఇంకో ఫ్యాక్టరీ తవ్వి పారేసిన మట్టే మీ దగ్గరికి టిప్పర్‌లో రావచ్చు.

పాత బోర్లను రాయీ మట్టీ వేసి పూడ్చొద్దు. అడుగునుంచి పైకి సిమెంట్, బెంటోనైట్ గ్రౌట్ పంపి మూసేయాలి. లేకపోతే పైన కాలుష్యం కిందికి దిగడానికి అది తిన్నటి గొట్టం.

## 11. ఇప్పుడు లేఅవుట్

శుద్ధి రిపోర్టు మ్యాపు మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి గీయించండి. శుభ్రమైన భాగంలో లోతు పునాదుల మెషీన్ షాపు, ఆఫీసు, క్యాంటీన్. కప్పి ఉంచిన భాగం మీద పార్కింగ్, ఫినిష్డ్ గూడ్స్ యార్డు. అక్కడ తవ్వాల్సిన పని ఎప్పటికీ రాకుండా పైపులు, కేబుళ్లు వేరే దారిలో వేయండి.

ఇంకుడు గుంతలు ఎక్కడంటే అక్కడ పెట్టడం ఘోరమైన తప్పు. కప్పిన మట్టి మీద ఇంకుడు గుంత తవ్వితే వాననీరు ఆ విషాన్ని నేరుగా భూగర్భజలంలోకి దించుతుంది. శుభ్రమైన వైపు జాగా లేకపోతే నీటిని సంపులో పట్టి వాడుకునే పద్ధతికి అనుమతి అడగండి.

సాల్వెంట్ ఆనవాళ్లున్న చోట గదులు కట్టాల్సివస్తే, ఫ్లోరు కింద కంకర పొర, చిల్లుల పైపులు వేసి ఆవిరిని రూఫ్ పైకి వదలాలి. ఏసీ వేసి తలుపులు మూసే ఆఫీసు గదులకు ఇది మరీ ముఖ్యం.

మట్టిలో సల్ఫేట్ ఎక్కువుంటే కొత్త కాంక్రీట్‌ను కూడా తింటుంది. ఆ రిపోర్టు స్ట్రక్చరల్ ఇంజినీర్ చేతికి ఇవ్వడం చాలామంది మర్చిపోతారు.

మెషీన్ షాపుకు ట్రిమిక్స్ ఫ్లోరింగ్, పైన ఎపాక్సీ. సీఎన్‌సీ మెషీన్ల పునాదిని ఫ్లోరు నుంచి వేరుచేసి వేయండి, పక్కన ఫోర్క్‌లిఫ్ట్ పోతే మెషీన్ అదరకూడదు. కూలెంట్, పాత నూనె కిందికి కారకుండా ట్రేలు, గట్టు కట్టిన నిల్వ గది. వాడేసిన నూనె కూడా ప్రమాదకర వ్యర్థమే, గుర్తింపున్న రీసైక్లర్‌కే ఇవ్వాలి.

షెడ్డు చుట్టూ ఫైరింజన్ తిరగడానికి ఆరు మీటర్ల ఖాళీ వదలండి. సన్నటి పొడి వచ్చే పనులు, అల్యూమినియం గ్రైండింగ్ లాంటివి, మనుషులు ఎక్కువగా కూర్చునే చోటికి దూరంగా ఉండాలి. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. ఆఫీసు, ల్యాబ్ ఏ గోడకు అటువైపు ఉన్నాయన్నది డ్రాయింగ్ దశలోనే అడగాల్సిన ప్రశ్న.

## 12. మెషీన్లు ఆన్ చేసే ముందు

- శుద్ధి పూర్తి రిపోర్టు, ఫొటోలు, ప్రతి లారీ మానిఫెస్టు ఒకే ఫైల్లో
- కప్పిన భాగం ఎక్కడుందో చూపే డ్రాయింగ్ మెయింటెనెన్స్ గదిలో గోడకు. పదేళ్ల తర్వాత కేబుల్ కోసం తవ్వేవాడికి అది తెలియాలి
- మానిటరింగ్ బోర్లకు మూతలు, తాళాలు. ఆరు నెలలకోసారి నీటి పరీక్ష
- బోరు నీళ్లు తాగడానికి, వంటకు వాడొద్దన్న బోర్డు
- ఫైర్ పంపు లోడ్ మీద నడిపి చూడటం, అలారం మోగించి అందరినీ బయటికి తీసుకురావడం
- సీఎఫ్‌ఓ చేతికి వచ్చాకే వాణిజ్య ఉత్పత్తి

## 13. ఇప్పటికే కొనేశాం, ఏ పరీక్షా చేయించలేదు. ఇప్పుడు?

ఈ ప్రశ్న అన్నిటికన్నా ఎక్కువగా వస్తోంది. ముందు తవ్వకాలన్నీ ఆపండి. నాలుగో దశలో చెప్పిన పరీక్షలు ఈ వారమే మొదలుపెట్టండి. మీరు ఇంకా ఏ ఉత్పత్తీ మొదలుపెట్టలేదు కాబట్టి ఈ రిపోర్టు పాత కాలుష్యానికి రుజువుగా నిలుస్తుంది. ఉత్పత్తి మొదలయ్యాక తీసిన రిపోర్టుకు ఆ బలం ఉండదు.

ఏదైనా దొరికితే దాచొద్దు, పూడ్చొద్దు. లాయర్‌తో మాట్లాడి, శుద్ధి ప్రణాళికతో సహా మీరే పీసీబీకి రాయండి. ఇన్‌స్పెక్టర్ కనిపెట్టిన కాలుష్యానికి నోటీసు వస్తుంది. మీరు ప్రణాళికతో చెప్పుకున్నదానికి ముందు చర్చ జరుగుతుంది.

పునాదులు ఇప్పటికే పడిపోయి ఉంటే వాటిని పీకక్కర్లేదు. గ్రేడ్ స్లాబ్ (నేల మీద పోసే కాంక్రీట్ ఫ్లోరు) పోయకముందే ఆవిరి పైపులు, షీటు వేయించండి. స్లాబ్ కూడా పోసేసి ఉంటే, గదుల్లో గాలి నమూనాలు తీయించి, ఫలితాన్ని బట్టి స్లాబ్‌కు రంధ్రాలు చేసి కింది గాలిని ఫ్యానుతో లాగించే ఏర్పాటు చేయించవచ్చు.